ముట్టకు అన్న ముప్పై ఏడో నంబరు

ఇంగ్లీషులో కొన్ని అక్షరాలు ఉంటాయి గానీ పలకవు. బడిలో పంతులు ఆ సంగతి చెప్పినప్పుడు నాకు బుర్రకెక్కలేదు. పెళ్ళయ్యాక ఎక్కింది. మా ఇంట్లో నా స్థానం అదే. రేషన్ కార్డులో ఉంటాను, గుమ్మం పక్క పేరులో ఉంటాను, ఇంటిని చదివేటప్పుడు మాత్రం నన్ను దాటేసి చదువుతారు.

ఎనిమిదో క్లాసు సగంలో బడి మానేశాను. ఆ తర్వాత చదివిన ఇంగ్లీషంతా లారీల వెనకా, ప్లాంటు గోడల మీదా, గిటారు పెడల్ మీదా చదివిందే. లారీ వెనక తప్పు చదివితే వెనకవాడు హారన్ కొట్టి దిద్దుతాడు. ప్లాంటు గోడ మీద తప్పు చదివితే సూపర్‌వైజరు హిందీలో దిద్దుతాడు. పెడల్ అలా కాదు. చాలా మర్యాదస్తురాలు. నేను చదివిందే ఒప్పనుకుని చేసుకుపోతుంది.

ఈ పెడల్ సంగతి తెలీనివాళ్ళకి రెండు ముక్కలు. గిటారు వైరు నేరుగా స్పీకర్ డబ్బాలోకి పోకుండా మధ్యలో ఒక ఇనప పెట్టెలోకి పోతుంది. ఆ పెట్టె గిటారు గొంతు మారుస్తుంది. కావాలంటే నూతిలోంచి వాయించినట్టు, కావాలంటే రేకు చింపినట్టు, కావాలంటే పదిమంది కలిసి వాయించినట్టు. ఒక్కో గొంతుకీ ఇరవై పైచిలుకు అంకెలు కుదుర్చుకోవాలి. ఎంత గరగరలాడాలి, సన్నటి కొస ఎంత తేలాలి, మారుమోత ఎంతసేపటికి రావాలి, వచ్చాక ఎన్నిసార్లు రావాలి, ఇలాగ. అన్నీ కుదిరాక పెట్టె వాటిని ఒక నంబరు కింద దాచుకుంటుంది. తర్వాత కాలితో ఆ నంబరు తొక్కితే చాలు. ఇప్పటి పిల్లలు ఇదంతా ఫోనులో చేసేస్తున్నారు. మాది ముప్పై ఏళ్ళ కిందటి జపాను సరుకు. రుబ్బురోలు పొత్రమంత బరువు. పైన ఎర్రటి అంకెలు, వాటి పక్కన ఎనిమిది అక్షరాలు పట్టే చిన్న కిటికీ, కింద వరసగా మీటలు.

ఆ పెట్టె మా బావది. బావ అంటే చుట్టం కాదు. వాళ్ళ తాతా మా తాతా శ్రీకాకుళం జిల్లాలోంచి ఒకే రైల్లో ఇక్కడికి, ఈ టాటానగర్‌కి వచ్చారు. ఒకే టికెట్టు మీద వచ్చారని మా నాన్న అనేవాడు. ఆ చుట్టరికం చాలు. బావ టాటానగర్‌లో రైల్వే సిగ్నల్ మేంటైనరు. నేను ఉక్కు ప్లాంటులో రేకులు కోసే షాపులో, అంటే ఆ షెడ్డులో, కాంట్రాక్టు ఫిట్టర్ని. ఇద్దరం కలిసి ఒక ఆర్కెస్ట్రా. తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళు, వినాయకుడి పందిళ్ళు, రిటైర్మెంటు సన్మానాలు. బావ కీబోర్డు, నేను గిటారు. బావ పదో క్లాసు పాసు. పెడల్‌తో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం తలగడ కింద పెట్టుకుని పడుకునేవాడు. నాకు వేళ్ళు, బావకి చదువు. ఇద్దరం కలిస్తే ఒక పూర్తి మనిషి అయ్యేవాడు, కానీ ఆ మనిషికి రెండు భోజనాలు కావలసి వచ్చేది.

ముప్పై ఏడో నంబరు చెయ్యడానికి మాకు రెండు నెలలు పట్టింది. రైల్వే క్వార్టర్లో బావ ముందుగది. నేను మంచం అంచున కూర్చుని అవే ఎనిమిది స్వరాలు వాయించాలి. బావ నేల మీద బోర్లా పడుకుని, చెవి స్పీకర్‌కి ఆనించి, గుండీ ఒక్క గీత తిప్పేవాడు. "మళ్ళీ." వాయించేవాణ్ణి. ఇంకో గీత. "మళ్ళీ." గుమ్మంలో బావ భార్య కూర్చుని కూర తరిగేది. ఆవిణ్ణి నేను అప్ప అంటాను, మావైపు అక్కని అలాగే అంటాం. ఒకరోజు ఆవిడ కత్తిపీట మీంచి లేచి, "మీ ఇద్దరూ కలిసి ఒక్క ముక్క తెగ్గొయ్యడానికి రెండు నెల్లయ్యింది. నాను ఈపాటికి బండెడు బెండకాయలు తరిగినాను," అంది.

మారుమోత ఎంతసేపటికి రావాలన్నది మాత్రం బావ గదిలో తేల్చలేదు. నన్ను జుగ్సలాయి పేట వెనక, గూడ్సు పెట్టెలు నిలిపే పాత సైడింగు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఇప్పుడు పెద్ద లైన్లలో పట్టాలు సందు లేకుండా అతికేశారు, చక్రం చప్పుడు చెయ్యదు. ఆ సైడింగులో ఇంకా పట్టాల మధ్య సందులున్నాయి. గూడ్సు మెల్లగా కదిలితే టక్, టక్ అని రెండు దెబ్బలు పడతాయి. "ఆ రెండు దెబ్బల మజ్జిని ఎంత గేప్ ఉన్నాదో అంతే పెట్టాల బావా," అన్నాడు. పెట్టాడు. మూడు వందల ఎనభై. సెకనుని వెయ్యి ముక్కలు చేస్తే అందులో అన్ని ముక్కలు. ఆ ఒక్క అంకె నాకు గుర్తుండిపోయింది. మిగతావి ఎందుకు గుర్తుపెట్టుకోలేదంటే, పెట్టుకుందామన్నాను. "మిషన్ రాసుకుంటాది కదా. మనకెందుకు రాత," అన్నాడు బావ.

ఒకనాటికి కుదిరింది. ఆ గొంతు ఎలా ఉండేదో చెప్పమంటే నాకు చేతకాదు. ఏడుపు ఆపుకుని నవ్వుతూ కబుర్లు చెప్పే మనిషి గొంతులా ఉండేది. స్వరం పోయిన వెనక ఇంకో స్వరం దాన్ని వెతుక్కుంటూ వచ్చేది, దొరక్క వెనక్కి పోయేది. బావ లేచి కిటికీలో ఆ నంబరుకి పేరు పెట్టాడు. ఇంగ్లీషు అక్షరాలు, తెలుగు మాట. ముట్టకు. ఎనిమిది గళ్ళలో ఏడు నిండాయి. "నీ కోసమే పెట్టినాను," అన్నాడు నాతో. తర్వాత, "ఇంక రైట్ నొక్కు," అన్నాడు. నొక్కాను.

ఈ రైట్ నాకు చిన్నప్పట్నుంచీ తెలిసిన రైటే. మినీబస్సు కండక్టరు రేకు మీద చరిచి అరిచే రైట్. క్రేను కింద నిలబడి చెయ్యి ఊపి మేమనే రైట్. సరే, పోనీ, అంతా బాగుంది అని. పెడల్‌కి కూడా పని అయిపోయాక ఆ మాట చెప్పాలి కాబోలు అనుకున్నాను. నల్ల మీట మీద ఉన్న అయిదు అక్షరాల్ని నేను ఎప్పుడూ కూడబలుక్కోలేదు. తెలిసిన మనిషిని పేరు అడుగుతామా.

ఇలా చాలా ఏళ్ళు గడిచాయి. అయిదేళ్ళ కిందట బావకి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. ఆస్పత్రి నుంచి తెచ్చాక ఆర్నెల్లు మంచం మీద ఉన్నాడు. నేను ఆదివారాలు వెళ్ళేవాణ్ణి. రోగి దగ్గర కూర్చోవడం అందరికీ కష్టమే గానీ జోకులవాడికి మరీ కష్టం. మొదటి రెండు ఆదివారాలు నేనొక్కణ్ణే వాగాను. మూడో వారానికి సరుకు అయిపోయింది. చెప్పినవే మళ్ళీ చెప్పాను. బావ కళ్ళు నా మీదే ఉండేవి, నవ్వేవి కావు.

ఒక ఆదివారం పెడల్ మంచం పక్కన పెట్టి ముప్పై ఏడు వాయించాను. బావ ఎడమ చెయ్యి ఎత్తాడు. పెడల్ వైపు చూపించాడు. తర్వాత బొటనవేలూ చూపుడువేలూ కలిపి గాల్లో గీతలు గీశాడు. హోటల్లో తినడం అయిపోయాక సర్వరుకి దూరం నుంచి చూపిస్తాం చూడండి, అలాగ. నాకు మంచి అదను దొరికింది. "ఏటి బావా, బిల్లు తెమ్మంటావా? నీ దగ్గర తీసుకుంటానా," అన్నాను. గుమ్మంలో అప్ప నవ్వలేదు. బావ ఇంకోసారి గీశాడు. నేను ఇంకోసారి బిల్లన్నాను. బావ మొహం గోడవైపు తిప్పుకున్నాడు. అలిసిపోయాడనుకుని నెమ్మదిగా లేచి వచ్చేశాను. ఆ తర్వాత ఆదివారాలు నాకు డ్యూటీలు ఎక్కువ పడ్డాయి. పడ్డాయనే ఇంట్లో చెప్పాను.

బావ పోయాక పెడల్ నాకు ఇచ్చింది అప్ప. ఆవిడకి రైల్వేలో బావ బదులు ఉద్యోగం ఇచ్చారు. అయిదో క్లాసు చదువుకి ఆఫీసులో ఫైళ్ళు మోసే పని. మొదటి సంవత్సరీకం నాడు, భోజనాలయ్యాక, చుట్టాలు సర్దుకున్నాక, "ఒకపాలి ఆ ముప్పై ఏడు ఇనిపించు తమ్ముడా," అంది. అదే ముందుగది. ఇప్పుడు ఉద్యోగం ఆవిడది కనక క్వార్టరు అదే ఉండిపోయింది. వాయించాను. ఆవిడ అదే గుమ్మంలో కూర్చుని విన్నది, కత్తిపీట లేకుండా. అయిపోయాక, "ఫోటోలో మీ బావ పోలిక నేదు. అందులోనున్నాది," అంది. అప్పట్నుంచి ప్రతి ఏడూ అదొక ఆనవాయితీ అయిపోయింది. మూడేళ్ళు వాయించాను. ఇది నాలుగో ఏడు.

తిథి ఇంకా నెల ఉందనగా జుగ్సలాయిలో ఒక రిటైర్మెంటు సన్మానం ఒప్పుకున్నాను. ఒక రైల్వే గార్డు గారిది. మధ్యాహ్నం భోజనాల హాలు, పైన రేకుల కప్పు, చుట్టూ నాలుగు పెడస్టల్ ఫ్యాన్లు. ముప్పై ఏడు పెట్టి మొదలెట్టాను. గొంతు మీద ఎవరో దుప్పటి కప్పినట్టుంది. సన్నటి కొస లేదు. పాత పెట్టె కదా, ముసురు పట్టిందేమో అనుకున్నాను. సన్నటి కొసని లేపే గుండీ, ట్రెబుల్, పెంచాను. చాల్లేదు. ఇంకా పెంచాను. గరగర కొంచెం వేశాను. మారుమోత తగ్గించాను. పదిమంది వాయించినట్టు చేసే కోరస్ తీశాను, మళ్ళీ పెట్టాను. పాట నడుస్తుండగానే ఒక చేత్తో వంగి తిప్పుతున్నాను. ముందు వరసలో ఒక ముసలాయన చెవి మూసుకుని, "ఒరే బాబూ, ఆ ఈల తగ్గించరా, పులుసు కూడా ఇరిగిపోతన్నాది," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. హాలు రేకులది కదండీ అన్నాను.

ముట్టకు అని బావ చెప్పిన దాన్ని అంతలా ముట్టుకోవడానికి నాకు ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, బావ చెప్పిందే ఇంకొకటుంది. "ఎంత తిప్పినా పరవానేదు. కట్టేసి మళ్ళీ ఏత్తే మొదటికొచ్చేత్తాది." అది నిజం. ఇంటికొచ్చి స్విచ్చి వేస్తే పాత ముప్పై ఏడు ఎప్పటిలా ఉండేది. కానీ సభ అయ్యాక మీటలు సర్దుతున్నప్పుడు ఏదో నొక్కుకుంది. కిటికీలో ముట్టకు పోయి ఇంకో మాట వెలిగి ఆరడం మొదలెట్టింది. చివర ప్రశ్న గుర్తు. ఈసారి కూడబలుక్కున్నాను. రైట్?

నాకు ముచ్చటేసింది. ఇన్నేళ్ళ స్నేహంలో మొదటిసారి పెట్టె నన్ను అడుగుతోంది. అంతా రైటేనా అని. బాగా వాయించావా, అన్నం తిన్నావా అన్నట్టు. అంత మర్యాదగా అడిగితే కాదనడం నాకు చేతకాదు. రైటే అని నొక్కాను. ఒక్క క్షణం ఆలోచించి, కిటికీలో మళ్ళీ ముట్టకు అని చూపించింది. తువ్వాల్లో చుట్టి స్కూటర్ ముందు పెట్టుకుని సీతారాండేరాలో మా ఇంటికి వచ్చేశాను.

మర్నాడు పొద్దున్న స్విచ్చి వేసి ముప్పై ఏడు తొక్కాను. ముట్టకు అని వెలిగింది. వాయించాను. హాల్లో నేను తిప్పిన గందరగోళమే వచ్చింది. కట్టేశాను, వేశాను. అదే. వైరు పీకి పది నిమిషాలు ఆగి పెట్టాను. అదే. పేరు బావ పెట్టిన పేరు, గొంతు బావది కాదు.

కాలేజీకి బయల్దేరుతున్న మా అమ్మాయిని పిలిచి జరిగింది చెప్పాను. మా ఇంట్లో నేను తెలుగులో అడుగుతాను, అది హిందీలో జవాబిస్తుంది, ఇద్దరికీ పరువు నిలబడుతుంది. అది వంగి నల్ల మీట చూసింది. "పాపా, యే వో వాలా రైట్ నహీ హై. లిఖ్‌నే వాలా రైట్ హై," అంది. రాసే రైటు. నాకు అర్థం కాలేదు. మొదట ఒక డబ్ల్యూ ఉంది, అది పలకదు, డబ్ల్యూ సైలెంట్ హై పాపా, అంది మళ్ళీ. రాసెయ్యనా అని అడిగింది పెట్టె. పాతది చెరిపి దాని మీద ఇది రాసెయ్యనా అని. నేను సంతోషంగా రాసెయ్యమన్నాను.

"మీ అమ్మకి చెప్పకు," అన్నాను. వంటగదిలోంచి మా ఆవిడ, "ఇనబడింది," అంది.

ఫోనుల్లో వీడియోలు లేవా అంటారు. ఉన్నాయి. ప్రతి వీడియోలోనూ ముప్పై ఏడు వచ్చే చోట ఎవరో ఒకరు ఇంకో బూరె అడుగుతూనే ఉన్నారు. మా అమ్మాయి చెవులకి పెట్టుకునే తీగలతో కూడా విన్నాను. బూరె స్పష్టంగా ఉంది.

అదే వారం అప్ప ఫోను చేసింది. "తిథి ఇరవై రోజులే ఉన్నాది తమ్ముడా. వత్తావు కదా. ముప్పై ఏడు తెత్తావు కదా."

"తెత్తాను అప్పా," అన్నాను. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. తెరిస్తే వచ్చింది, "భోజనంలో గుమ్మడికాయ పులుసు పెట్టించు."

ఇరవై రోజులు. ఇరవై పైచిలుకు అంకెల్లో నాకు తెలిసింది ఒకటి, మూడు వందల ఎనభై. డ్యూటీ నుంచి రాగానే వరండాలో కూర్చునేవాణ్ణి. బావ లాగే బోర్లా పడుకుని చెవి స్పీకర్‌కి ఆనించి ఒక్కో గీతా తిప్పేవాణ్ణి. ఇబ్బందేమిటంటే ఇప్పుడు వాయించడానికి మనిషి లేడు. లేచి వాయించి, మళ్ళీ పడుకుని తిప్పి, మళ్ళీ లేచి వాయించాలి. పక్కింటావిడ మా ఆవిణ్ణి, మీ ఆయన యోగాలో చేరారా అని అడిగిందట. పన్నెండో రోజుకి దొరికిందనిపించింది. ఆ వెతుక్కునే స్వరం, ఆ నవ్వే ఏడుపు, అంతా ఉంది. మా ఆవిణ్ణి పిలిచి వాయించి చూపించాను. ఆవిడ చీర చెంగు చెవిలో పెట్టుకుంది.

"ఏటయ్యా ఈ ఈల. తలుపు సందులో కుక్కపిల్ల నలిగినట్టున్నాది."

"ఈల ఏదే?"

"ఏదేటి. నువ్వు వాయించకపోయినా వత్తంది కదా, సుయ్‌మని."

నేను వాయించడం ఆపి విన్నాను. నిశ్శబ్దం. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఈ పాత పెట్టెలకి ఒక రోగం ఉంటుంది. స్విచ్చి వేస్తే చాలు, వెనక సన్నగా సుయ్యిమని చప్పుడు వస్తూనే ఉంటుంది. దాన్ని పోగొట్టడానికి బావ కొలిమి దగ్గర కమ్మరిలా కష్టపడేవాడు. మూడు నాలుగేళ్ళ నుంచీ అది తగ్గుతూ తగ్గుతూ పూర్తిగా పోయింది. నేను నలుగురికీ గొప్పగా చెప్పుకునేవాణ్ణి కూడా. నా చేతికొచ్చాక పెట్టె బుద్ధి తెచ్చుకుందని. వయసుతో అందరం నెమ్మదిస్తాం కదా, అదీ నెమ్మదించిందని.

ఆదివారం పొద్దున్న మా అమ్మాయి ఫోను నా ఎదురుగా పెట్టింది. ఏదో చెవి పరీక్ష అట. లావు మోతతో మొదలై సన్నగా, ఇంకా సన్నగా పైకి పోతుందట. వినబడినంతసేపూ చెయ్యెత్తి ఉంచమంది. లావు మోత వచ్చింది, ఎత్తాను. సన్నగా పైకెళ్ళింది. తర్వాత ఆగిపోయింది, దించాను. కొత్తది పెడుతుందేమో అని చూస్తున్నాను. అది నా మొహమే చూస్తోంది. వంటగదిలోంచి మా ఆవిడ వచ్చి గుమ్మంలో నిలబడి, "ఆపవే తల్లీ, పళ్ళు జివ్వుమంటన్నాయి," అంది.

"ఇంకా మొదలెట్టలేదు కదా," అన్నాను.

"బజ్ రహా హై పాపా," అంది మా అమ్మాయి. "కబ్ సే బజ్ రహా హై." ఎప్పట్నుంచో మోగుతూనే ఉందట.

రేకులు కోసే షాపులో ఇరవై ఏడేళ్ళు. చెవుల్లో పెట్టుకోమని ఇచ్చిన రబ్బరు బిరడాలు నేను మెళ్ళో వేలాడదీసుకునేవాణ్ణి. చెవుల్లో పెట్టుకుంటే నా జోకులకి ఎవరు నవ్వారో వినబడేది కాదు.

ఆ రోజు నాకు మొత్తం తెలిసింది. జుగ్సలాయి హాల్లో ముప్పై ఏడుకి ఏమీ కాలేదు. అది ఎప్పటిలాగే ఉంది, సన్నటి కొసతో, బావ పెట్టినది పెట్టినట్టు. దుప్పటి కప్పుకున్నది నా చెవులు. రోగం నాకు, మందు దానికి. ఆరోగ్యంగా ఉన్నదాన్ని పట్టుకుని వైద్యం చేసి చంపేసి, రైటేనా అని అడిగితే రైటే అన్నాను.

ఇంక మిగిలిన ఎనిమిది రోజులు పెడల్ ముందు కూర్చున్నానే గానీ గుండీలు తిప్పలేదు. ఎందుకు తిప్పాలి. పోయినది పోతే వెతకొచ్చు. వెతికే కళ్ళే పోతే, అది ఎదురుగా వచ్చి నిలబడినా దాటుకుంటూ పోతాం. నేను తిప్పే ఏదో ఒక గీత దగ్గర ముప్పై ఏడు వచ్చి నా ముందు కూర్చుని ఉండవచ్చు, ఒకసారి కాదు పదిసార్లు. నాకు తెలీదు. మా అమ్మాయిని కూర్చోబెట్టి తిప్పిద్దామంటే దానికి అసలుది గుర్తులేదు. గుర్తున్న మనిషి ఒక్కతే, ఆవిడకి చెప్పలేదు. నా వేళ్ళకి పాట గుర్తుంది, బావకి గొంతు గుర్తుంది, బావ లేడు. పూర్తి మనిషిలో మిగిలిన సగం నేను. ఆ సగానికీ ఇప్పుడు చెవులు లేవు. ఇంత దరిద్రం ఇంకొకడికి జరిగుంటే నాలుగు జోకులు వేసేవాణ్ణి.

తిథి నాడు వెళ్ళాను. మానేద్దామనుకున్నాను గానీ మా ఆవిడ పెడల్ తువ్వాల్లో చుట్టి స్కూటర్ మీద పెట్టేసింది. పులుసు పెట్టించింది అప్ప. తిన్నాను. చుట్టాలు ఒక్కొక్కరే సెలవు తీసుకున్నారు. అప్ప గుమ్మంలో కూర్చుంది. ఆఫీసుకి సగం రోజు సెలవు పెట్టిందట, జడలో పెన్ను అలాగే ఉంది.

అంకెలన్నీ ఆ పన్నెండో రోజు నాకు తోచినట్టు పెట్టినవే. ట్రెబుల్ మాత్రం ఆ రోజే మా ఆవిడ చెవిలోంచి చీర చెంగు తీసేదాకా తగ్గించి, ఈసారి తెలిసే నల్ల మీట నొక్కి ఉంచాను. తొక్కాను. ముట్టకు అని వెలిగింది. ఆ ఎనిమిది స్వరాలూ వాయించాను. నా వైపు నుంచి చూస్తే అది ఒక దుప్పటి. అప్ప వైపు నుంచి ఎలా ఉందో ఆవిడ మొహంలో చూడాలని తలెత్తాను. ఆవిడ ఎప్పుడూ కళ్ళు మూసుకుని వింటుంది. ఈసారి తెరిచి పెడల్ వైపు చూస్తోంది, ఎవరో కొత్తవాళ్ళు వచ్చి కూర్చున్నట్టు.

ఆఖరి స్వరం వెనక మారుమోత మూడు వందల ఎనభైలో వచ్చి ఆగిపోయింది.

"పేరు అదే ఉన్నాది," అంది.

"అదే అప్పా."

"మోత అది కాదు."

అప్పుడు చెప్పాను. జుగ్సలాయి హాలు, దుప్పటి, ముసలాయన పులుసు, మెరిసి అడిగిన మాట, నేను సరేననడం, మా అమ్మాయి ఫోను, నా చెవులు. మామూలుగా నేను ఏది చెప్పినా మధ్యలో ఎక్కడో నవ్వించేస్తాను, అది అలవాటు. ఆవిడ ఎక్కడా నవ్వలేదు. అయిపోయాక ఇంక నాకు మిగిలింది ఒకటే.

"నానేటి సేతును అప్పా. రైటేనా అని అడిగింది. రైటే అన్నాను."

ఆవిడ లేచి వచ్చి పెడల్ దగ్గర గొంతుక్కూర్చుంది. ఆఫీసులో ఫైళ్ళ మీద పేర్లు అలాగే చదువుతుంది కాబోలు, నల్ల మీట మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం కిందనుంచీ జరిపింది. చివరిదాకా వెళ్ళి మళ్ళీ మొదటి దాని దగ్గరికి వచ్చి ఆగింది.

"ఇది రాసే రైటు తమ్ముడా. మా రిజిస్టరు మీద దినామూ సూత్తన్నాను. ముందర డబ్ల్యూ ఉన్నాది, అగుపడనేదా?"

"అగుపడింది అప్పా," అన్నాను. "పలకనేదు."

ఆవిడ వేలు తియ్యలేదు. నా వైపు చూడలేదు కూడా.

"మీ బావా పలకనేదు. అంకెలు రాసుకోమని గాల్లో రాసి మరీ సూపెట్టినాడు. నువ్వు బిల్లన్నావు."